బోరు నీళ్ళు, పింక్ కూలెంట్, మా నాన్న కారు

ముందే చెప్పేస్తున్నా, నేను మెకానికల్ కాదు, సీఎస్‌ఈ. కారు ఇంజిన్ గురించి సీఎస్‌ఈ అమ్మాయి రాయడమేంటని మెక్ బ్రాంచ్ వాళ్ళు నవ్వుకుంటే నవ్వుకోండి, తప్పులు కనపడితే మాత్రం గ్రూపులో చెప్పండి. ఇంకో విషయం, ఎల్‌కేజీ నుంచీ ఇంగ్లిష్ మీడియం కాబట్టి ఒత్తుల దగ్గర ఇప్పటికీ ఆగి ఆలోచిస్తా. క్లబ్‌లో అందరూ కథో కవితో ఇస్తున్నారు. నాకు కవిత రాదు. నాకు బాగా తెలిసింది ఒక్కటే ఉంది, అది 22,000 రూపాయలు పోసి నేర్చుకున్నది. కారులో కూలెంట్ ఏది పోయాలి, ఎలా మార్చాలి. ఆ డబ్బు కూడా నాది కాదు, మా నాన్నది.

మాది మార్కాపురం. పలకల ఊరు అంటే చాలామందికి తెలుస్తుంది. నాన్న బాడుగ కారు నడుపుతాడు. జపాన్ కంపెనీ డీజిల్ సెడాన్, సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. ఎక్కువ బాడుగలు శ్రీశైలానికే. మార్కాపురం నుంచి పెద్ద దోర్నాల, అక్కడి నుంచి నల్లమల అడవిలో ఘాట్. ఉదయం చీకటితో వెళ్ళి, దర్శనం చేయించి, రాత్రికి గేటు వేసేలోపు అడవి దాటి వచ్చేయాలి. పులుల అడవి కాబట్టి రాత్రిళ్ళు ఆ దారిలో బండ్లను వదలరు.

ఇంటర్ అయిపోయాక ఖాళీగా ఉన్న రోజుల్లో నాన్న నాకొక డ్యూటీ ఇచ్చాడు. పొద్దున్నే కారు తుడవడం, అద్దాలకి నీళ్ళు కొట్టడం, బానెట్ ఎత్తి నీళ్ళ డబ్బా చూడటం. డబ్బా మీద మ్యాక్స్, మిన్ అని రెండు గీతలుంటాయి. నీళ్ళు తగ్గితే పై గీత దాకా పోయాలి. నేను ఎంత సిన్సియర్‌గా చేసేదాన్నంటే, వారానికి రెండు మూడుసార్లు మగ్గుతో బోరు నీళ్ళు పోసి, "నాన్నా, ఫుల్!" అని అరిచేదాన్ని. కాలేజీలో చేరాక కూడా సెలవులకి వస్తే అదే పని. నేను లేనప్పుడు తమ్ముడికి అప్పజెప్పా, వాడికి ట్రెయినింగ్ ఇచ్చింది కూడా నేనే.

మొదట్లో డబ్బాలో పింక్ రంగు ఉండేది. కొన్నాళ్ళకి లేత గులాబీ అయింది. తర్వాత రంగే లేదు. ఆ తర్వాత లేత టీ రంగు వచ్చింది. నేను చూశాను. చూసి ఏమీ అనుకోలేదు.

పోయిన మే నెలలో ఒక పెద్దాయన కుటుంబాన్ని తీసుకుని నాన్న శ్రీశైలం వెళ్ళాడు. తిరిగి వస్తుంటే సాయంత్రం ఘాట్‌లో ఒక ఎత్తు ఎక్కుతుండగా ఏసీ చల్లదనం తగ్గిందట. రెండు నిమిషాల్లో ఎర్ర లైటు. బండి పక్కకి తీసేలోపే బానెట్ సందుల్లోంచి ఆవిరి. ఆ అడవిలో ఫోన్ సిగ్నల్ ఉండదు. నాన్న ఆర్టీసీ బస్సును ఆపి వాళ్ళను ఎక్కించి పంపాడు, బాడుగ డబ్బులు తీసుకోలేదు. గేటు టైము దగ్గర పడుతుంటే ఒక లారీ వాళ్ళు తాడు కట్టి లాక్కొచ్చారు. రాత్రి పది దాటాక దోర్నాల నుంచి ఫోన్ చేసి, "ఏం లేదమ్మా, బండి కాస్త వేడెక్కింది" అన్నాడు. అమ్మ ఆ "కాస్త" అనే మాట విని అక్కడే కూర్చుండిపోయింది.

మర్నాడు మెకానిక్ భాయ్ ఇంజిన్ విప్పాడు. హెడ్ గ్యాస్కెట్ పోయింది, హెడ్డు కొంచెం వంగింది. థర్మోస్టాట్‌ని చేతిలో పెట్టాడు. మా ఇంట్లో నీళ్ళు కాచే హీటర్ రాడ్డు మీద ఉండే తెల్లటి పెచ్చు దాని మీద కూడా ఉంది. వాటర్ పంపు రెక్కలు చీమలు కొరికినట్టు అంచులు తినేసి ఉన్నాయి. "ఎవరమ్మా దీంట్లో బోరు నీళ్ళు పోసింది?" అన్నాడు. నేను నోరు తెరిచేలోపే నాన్న, "నేనే పోశా భాయ్, తెలియక" అన్నాడు.

ఆ ఒక్క మాట వల్లే నేను ఇదంతా చదివాను. హెడ్డు మెషినింగ్, గ్యాస్కెట్, వాటర్ పంపు, పాత రేడియేటర్ తీసి ఇంకోటి వెయ్యడం, లేబర్, అన్నీ కలిపి 22,000. పైగా 11 రోజులు బండి షెడ్డులో. మే నెల అంటే బాడుగలు బాగా ఉండే నెల.

ఇంతకీ ఆ డబ్బాలో ఉండే ద్రవం ఏం చేస్తుంది? డీజిల్ మండితే వచ్చే వేడిలో కొంతే చక్రాలకి వెళుతుంది. చాలా భాగం పొగతో పాటు సైలెన్సర్‌లోంచి పోతుంది. ఇంకో పెద్ద భాగం, దాదాపు మూడో వంతు అని పుస్తకాల్లో ఉంటుంది, ఇంజిన్ లోహానికి పడుతుంది. దాన్ని ఎప్పటికప్పుడు బయటికి మోయడమే కూలెంట్ పని. వాటర్ పంపు దాన్ని ఇంజిన్ గోడల మధ్య దారుల్లోకి తోస్తుంది, అక్కడి నుంచి హెడ్డులోకి, తర్వాత రేడియేటర్‌కి. రేడియేటర్‌లో సన్నటి గొట్టాల మీదుగా గాలి తగిలి చల్లబడి మళ్ళీ ఇంజిన్‌కి. దారిలో థర్మోస్టాట్ అని ఒక గేట్‌కీపర్ ఉంటుంది. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు రేడియేటర్ దారి మూసేసి ఉంచుతుంది, సుమారు 82 నుంచి 88 డిగ్రీల దగ్గర తెరుచుకోవడం మొదలుపెడుతుంది. దీనికి కరెంటు, సెన్సర్ ఏమీ అక్కర్లేదు. లోపల మైనం ఉంటుంది, వేడికి కరిగి వ్యాకోచిస్తే గేటును తోస్తుంది, అంతే. ఒక ఇఫ్ కండిషన్‌ని మైనంతో రాశారు! నాకు ఇది తెలిసిన రోజు భలే సంతోషమేసింది. మా థర్మోస్టాట్ సున్నం పట్టి సగమే తెరుచుకుంటోందని భాయ్ అన్నాడు.

మరి చల్లబరచడానికి నీళ్ళు చాలవా? నేను కూడా ఇదే అడిగా. నిజానికి వేడిని మోయడంలో నీళ్ళే గొప్ప. కూలెంట్‌లో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ ఆ విషయంలో నీళ్ళకంటే తక్కువే. దాన్ని మొదట వాడింది చలిదేశాల్లో నీళ్ళు గడ్డకట్టి ఇంజిన్ పగలకుండా. అందుకే దాని అసలు పేరు యాంటీఫ్రీజ్. సగం నీళ్ళు, సగం గ్లైకాల్ కలిపితే మైనస్ 37 డిగ్రీల దాకా గడ్డకట్టదు. మార్కాపురంలో మైనస్ 37 ఏంటి, ప్లస్ 43 చూడమనండి.

మనకి పనికొచ్చేవి వేరే రెండున్నాయి. ఒకటి మరిగే ఉష్ణోగ్రత. నీళ్ళు 100 దగ్గర మరుగుతాయి, సగం సగం మిశ్రమం సుమారు 107 దగ్గర. దానికి తోడు రేడియేటర్ మూత. అది మామూలు మూత కాదు, లోపల స్ప్రింగ్ పెట్టి సుమారు ఒక బార్ ప్రెషర్ దాకా ఆపుతుంది. మన ఇంట్లో కుక్కర్ లాంటిదే. ఆ ప్రెషర్‌లో మిశ్రమం దాదాపు 129 డిగ్రీల దాకా మరగకుండా ఉంటుంది. మరగకపోవడం ఎందుకంత ముఖ్యమంటే, నీళ్ళు తగిలే చోట ఆవిరి బుడగ ఏర్పడితే ఆ లోహం నుంచి వేడి లాగేవాడే ఉండడు. అక్కడే హెడ్డు వంగుతుంది. వేడి బండి మూత తీయకూడదనేది కూడా ఇందుకే. మూత తిప్పగానే ప్రెషర్ పోతుంది, 110 డిగ్రీల్లో ఉన్న ద్రవం ఆ క్షణంలోనే మరిగి ముఖం మీదికి ఎగుస్తుంది. గంటసేపు ఆగండి, పైపు చేత్తో పట్టుకోగలిగేంత చల్లారాక గుడ్డ వేసి తీయండి.

రెండోది, నా దృష్టిలో అసలైనది, తుప్పు ఆపే మందులు. డబ్బాలో వీటి వాటా చాలా తక్కువ, కొన్ని శాతాలే. కానీ కూలెంట్‌కీ కూలెంట్‌కీ తేడా అంతా వీటిలోనే ఉంది. ఇంజిన్‌లో ఇనుము, అల్యూమినియం, ఒక్కోచోట రాగి, టంకం, రబ్బరు అన్నీ ఒకే ద్రవంలో మునిగి ఉంటాయి. రెండు వేరు వేరు లోహాలు, మధ్యలో ఉప్పునీళ్ళు అంటే అది బ్యాటరీయే కదా. ఒక లోహం ఇంకోదాని కోసం కరిగిపోతూ ఉంటుంది. ఈ మందులు లోహం మీద పొరలా పట్టి దాన్ని ఆపుతాయి. కొన్నాళ్ళకి ఖర్చయిపోతాయి. గ్లైకాల్ అలాగే ఉంటుంది, రంగు కూడా చాలావరకు అలాగే ఉంటుంది, మందు మాత్రం అయిపోతుంది. కూలెంట్ మార్చడమంటే నిజానికి ఆ మందును మార్చడం.

నేను పోసిన ప్రతి మగ్గూ ఆ మందును పల్చన చేసింది. అంతటితో ఆగలేదు. ఇంటర్ కెమిస్ట్రీలో టెంపరరీ హార్డ్‌నెస్ అని రెండు మార్కుల ప్రశ్న వచ్చేది గుర్తుందా? కాల్షియం, మెగ్నీషియం బైకార్బనేట్లు ఉన్న నీళ్ళను వేడి చేస్తే కాల్షియం కార్బనేట్‌గా, మెగ్నీషియం హైడ్రాక్సైడ్‌గా అడుగున దిగుతాయి. నేను ఆ జవాబు బట్టీ పట్టి ఫుల్ మార్కులు తెచ్చుకున్నా. అదే ఏడాది అదే రియాక్షన్‌ని పొద్దున్నే మగ్గుతో మా కారులో చేశా. మా బోరు నీళ్ళు ఎలాంటివంటే బకెట్‌కి తెల్లచార, కుళాయి మూతికి రాయి. ఆ సున్నపు పొర వేడిని సరిగ్గా పోనివ్వదు, పైగా రేడియేటర్ సన్న గొట్టాలను పూడ్చేస్తుంది. ఒక్కసారి పోస్తే ఏమీ కాదు. ఇంజిన్‌లో నీళ్ళు తగ్గుతూ, నేను పోస్తూ, ప్రతిసారీ కొత్త సున్నం లోపలికి పంపాను.

అసలు నీళ్ళెందుకు తగ్గుతున్నాయి? ఈ ప్రశ్న నేను ఏడాది పైన అడగలేదు. ఇది మూసి ఉన్న సర్క్యూట్. పెట్రోలులాగా ఖర్చయ్యేది కాదు. డబ్బాలో మట్టం వేడికి కాస్త పెరిగి చల్లారితే తగ్గుతుంది, అంతవరకే. వారం వారం తగ్గుతుంటే ఎక్కడో కారుతోందని అర్థం. మాకు వాటర్ పంపు సీలు దగ్గర చెమర్చేది. ఆ చుక్క వేడి ఇంజిన్ మీద పడి ఆరిపోయేది కాబట్టి కింద నేల మీద మరక కూడా ఉండేది కాదు. నేను రోజూ "ఫుల్!" అని అరిచింది ఎర్రర్ మెసేజ్‌ని మ్యూట్ చేయడం లాంటిది. ఇదే కోడ్‌లో చేస్తే మా సార్ ఏమనేవారో మీకూ తెలుసు.

డ్యాష్‌బోర్డు మీద ముల్లుని కూడా నమ్మకండి. చాలా కార్లలో అది నిజమైన ఉష్ణోగ్రత చూపించదు. కొంచెం అటూ ఇటూ అయినా ముల్లు మధ్యలోనే నిలబడేలా కావాలనే పెడతారు, లేకపోతే జనం కంగారుపడి షోరూముకి పరిగెడతారని. కొన్ని కొత్త కార్లలో ముల్లు కూడా తీసేసి నీలం లైటు, ఎర్ర లైటు మాత్రమే ఉంచారు. ఇంకో తిరకాసు, నీళ్ళు బాగా తగ్గిపోతే సెన్సర్ గాల్లో ఉంటుంది కాబట్టి ఇంజిన్ కాలిపోతున్నా ముల్లు కిందికే ఉండొచ్చు. నాన్న గమనించిన ఏసీ సంగతి ముల్లుకంటే ముందొచ్చింది.

ఇక ఏ కూలెంట్ కొనాలి అనేది. షాపుకి వెళ్తే పచ్చది, నీలం, ఎరుపు, పింక్, నారింజ, ఊదా, పండగ రంగుల్లా ఉంటాయి. కౌంటర్ దగ్గర అబ్బాయి "మీది ఏ కలరండీ?" అంటాడు. ఈ ప్రశ్నే తప్పు. రంగు అంటే తయారీవాళ్ళు కలిపిన డై. దానికి అందరూ ఒప్పుకున్న రూలు లేదు. టొయోటాలోనే చూడండి, పాత లాంగ్ లైఫ్ కూలెంట్ ఎరుపు, తర్వాత వచ్చిన సూపర్ లాంగ్ లైఫ్ పింక్. సుజుకీలో మామూలుది పచ్చ, సూపర్‌ది నీలం. హోండాది కూడా నీలమే. ఫోక్స్‌వ్యాగన్‌లో జీ12 ఎర్రగా పింక్‌గా ఉంటే జీ13 ఊదా. ఒక కంపెనీ పింకూ ఇంకో కంపెనీ పింకూ లోపల వేరే వేరే మందులు. రంగు ఒక్క పనికే పనికొస్తుంది, కారితే మరక ఏ కూలెంట్‌దో గుర్తుపట్టడానికి.

చూడాల్సింది మందు రకం. పాత తరహావి సిలికేట్, ఫాస్ఫేట్ లాంటి ఇనార్గానిక్ ఉప్పులతో ఉంటాయి. తొందరగా పొర కడతాయి, తొందరగా అయిపోతాయి, సుమారు రెండేళ్ళు. తర్వాత వచ్చినవి ఆర్గానిక్ ఆమ్లాలతో, ఓఏటీ అంటారు. ఇవి నెమ్మదిగా పనిచేస్తూ ఐదేళ్ళ దాకా ఉంటాయి. మూడోది రెండూ కలిసిన హైబ్రిడ్. ఇక్కడ ఒక సరదా సంగతి ఉంది. యూరప్ కంపెనీలు ఎక్కువగా ఫాస్ఫేట్‌ని తప్పించి సిలికేట్‌తో హైబ్రిడ్ చేసుకున్నాయి. అక్కడ చాలాచోట్ల నీళ్ళు కఠినం, ఫాస్ఫేట్ ఆ కాల్షియంతో కలిసి గారలా పడుతుందని. జపాన్ వాళ్ళు సిలికేట్‌ని తప్పించి ఫాస్ఫేట్‌తో చేసుకున్నారు, సిలికేట్ వల్ల వాటర్ పంపు సీలు అరుగుతుందని వాళ్ళ లెక్క. అంటే మా కారులో ఉన్నది జపాన్ తరహా ఫాస్ఫేట్ కూలెంట్, దాంట్లో నేను పోసింది మా బోరు కాల్షియం. యూరప్ ఇంజనీర్లు భయపడిన పనే నేను మగ్గుతో చేసిపెట్టా.

ఆ వివరం ఎక్కడుంటుందంటే ఓనర్స్ మాన్యువల్‌లో. సెకండ్ హ్యాండ్ బండి కాబట్టి మాకు పుస్తకం రాలేదు, కానీ దాదాపు అన్ని కంపెనీలూ పీడీఎఫ్ పెడతాయి. చివర్లో స్పెసిఫికేషన్స్ పేజీలో కూలెంట్ రకం, ఎన్ని లీటర్లు అనేవి రెండూ ఉంటాయి. టొయోటా మాన్యువల్స్‌లో అయితే సిలికేట్, అమైన్, నైట్రైట్, బోరేట్ లేని, ఇథిలీన్ గ్లైకాల్ బేస్ ఉన్న, హైబ్రిడ్ ఆర్గానిక్ యాసిడ్ రకం అని పొడుగ్గా రాసి ఉంటుంది. ఆ వాక్యం మీ డబ్బా వెనకాల ఉండే వాక్యంతో కలవాలి. డబ్బా మీద ఐఎస్ 5759 అనో, జేఐఎస్ కే 2234 అనో, ఏఎస్‌టీఎం డీ3306 అనో ఉంటే కనీస ప్రమాణం ఉన్నట్టు, కానీ మీ బండి మందు రకం అదేనని కాదు. "అన్ని కార్లకీ, అన్ని రంగులతో కలుస్తుంది" అని రాసినదాన్ని అత్యవసరానికి వాడొచ్చేమో కానీ, రెండు రకాలు కలిస్తే మందుల ఆయుష్షు తగ్గుతుంది, ఒక్కోసారి జిగురులా గడ్డలు కడుతుంది. ఎప్పుడు మార్చాలో కూడా అదే పుస్తకం చెబుతుంది. టొయోటా పింక్ అయితే మొదటిసారి 1,60,000 కిలోమీటర్లకి, ఆ తర్వాత ప్రతి 80,000 కి. పాత పచ్చ రకాలకి అంత ఆయుష్షు లేదు.

రెండు రకాల డబ్బాలు అమ్ముతారు. ఒకటి కాన్‌సెంట్రేట్, మనమే నీళ్ళు కలుపుకోవాలి. ఇంకోటి ప్రీమిక్స్, నేరుగా పోసేయడమే. "నీళ్ళు కలపకుండా చిక్కగా పోస్తే ఇంకా మంచిది కదా" అని మా స్టాండ్‌లో ఒకాయన వాదించాడు. కాదు. ఒట్టి గ్లైకాల్ వేడిని సరిగ్గా మోయదు, పైగా అది మైనస్ 13 దగ్గరే గడ్డకడుతుంది, సగం కలిపినదానికంటే చాలా ముందే. కలిపే నీళ్ళు డిస్టిల్డ్ వాటర్ అయి ఉండాలి. బ్యాటరీలో పోసే నీళ్ళని పెట్రోలు బంకుల్లో, బ్యాటరీ షాపుల్లో క్యాన్లు దొరుకుతాయి, అవే.

ఇంజిన్ బాగుచేశాక భాయ్ లోపల ఒట్టి డిస్టిల్డ్ వాటర్ పోసి, "రెండు మూడు రోజులు తిప్పి తీసుకురండి, మురికంతా దిగుతుంది, అప్పుడు కూలెంట్ పోద్దాం" అన్నాడు. నేను పోస్తానన్నా. భాయ్ నాన్న వంక చూశాడు, నాన్న "పొయ్యనీ, నువ్వు పక్కనుండు భాయ్" అన్నాడు.

చేసిన పద్ధతి ఇది. బండి రాత్రంతా ఆగి ఉండాలి, ఇంజిన్ పూర్తిగా చల్లగా. సమతలం మీద పెట్టి, ఏసీ నాబ్‌ని వేడి వైపు పూర్తిగా తిప్పాలి, లేకపోతే కొన్ని బండ్లలో హీటర్ గొట్టాల్లో పాతది మిగిలిపోతుంది. రేడియేటర్ మూత తీసి, కింద వెడల్పాటి టబ్బు పెట్టి, రేడియేటర్ అడుగున ఉండే డ్రెయిన్ ప్లగ్ వదులు చేయాలి. అది ప్లాస్టిక్‌ది, గట్టిగా తిప్పితే విరుగుతుంది, నాకు భాయ్ మూడుసార్లు చెప్పాడు. దిగిందంతా లేత గోధుమ రంగు. ప్లగ్ మూసి డిస్టిల్డ్ వాటర్ నింపి, బండి స్టార్ట్ చేసి, రేడియేటర్ పై పైపు వేడెక్కేదాకా ఆగాలి. అది వేడెక్కిందంటే థర్మోస్టాట్ తెరుచుకుంది, ఇంజిన్ లోపలి నీళ్ళు కూడా తిరుగుతున్నాయన్నమాట. ఆపి, చల్లారనిచ్చి, మళ్ళీ దించాలి. మేము నాలుగుసార్లు చేశాం. నాలుగోసారికి గాజులా దిగింది. ప్రతిసారీ చల్లారేదాకా ఆగాలి కాబట్టి ఒక రోజంతా పట్టింది.

సున్నం పట్టిన రేడియేటర్‌లో బాత్‌రూమ్ యాసిడ్ పోస్తే శుభ్రమైపోతుందని సలహా ఇచ్చేవాళ్ళు ప్రతి ఊళ్ళో ఉంటారు. అది హైడ్రోక్లోరిక్ యాసిడ్. సున్నంతో పాటు అల్యూమినియాన్ని కూడా తినేస్తుంది. దయచేసి వద్దు.

ఇప్పుడు నా బగ్. నేను చాలా కాన్ఫిడెంట్‌గా ఐదు లీటర్ల ప్రీమిక్స్ డబ్బా కొనుక్కొచ్చా. పుస్తకంలో మా బండికి మొత్తం 6 లీటర్లు అని ఉంది. నాలుగోసారి దించిన నీళ్ళని కొలిస్తే మూడున్నర లీటర్లే వచ్చాయి. మిగతా రెండున్నర ఇంజిన్ లోపలే ఉండిపోయాయి, అవన్నీ ఒట్టి డిస్టిల్డ్ నీళ్ళు. దాని మీద సగం సగం కలిపిన ప్రీమిక్స్ మూడున్నర పోస్తే అసలు కూలెంట్ 1.75 లీటర్లు. ఆరింటికి 29 శాతం. చల్లని ప్రాంతం కాకపోతే 30 శాతం చాలని చెప్పే కంపెనీలు కూడా ఉన్నాయి, కానీ మా పుస్తకం 50 అంటోంది, తుప్పు మందు కూడా ఆ లెక్కకే ఉంటుంది. మళ్ళీ దించి మళ్ళీ ప్రీమిక్స్ పోస్తే 41 శాతం, ఇంకోసారి చేస్తే 46. లూప్ రాసి చూశా, 50 కి దగ్గరవుతూ ఉంటుంది కానీ ఎప్పటికీ చేరదు, డబ్బాలు మాత్రం అయిపోతాయి.

భాయ్ నా ఫోన్‌లో లెక్క చూసి, "ఇంజిన్ బ్లాకు పక్కన కూడా ఒక బోల్టు ఉంటదమ్మా, అది తీస్తే లోపలివీ దిగుతాయి. కానీ దీనికి అది తీయాలంటే చెయ్యి పట్టదు" అన్నాడు. సీల్ తీయని డబ్బా కాబట్టి షాపువాళ్ళు వెనక్కి తీసుకున్నారు. అదే మందు రకంలో కాన్‌సెంట్రేట్ మూడు లీటర్లు తెచ్చా. ముందు ఆ మూడు లీటర్లు, తర్వాత అర లీటరు డిస్టిల్డ్ వాటర్. లోపలున్న రెండున్నరతో కలిసి సరిగ్గా సగం. కడిగి నింపేవాళ్ళు ఈ ఒక్క లెక్క మర్చిపోకండి, మొత్తం కెపాసిటీలో సగం కాన్‌సెంట్రేట్ ముందు పోయాలి, మిగిలిన ఖాళీ నీళ్ళతో నింపాలి. కేవలం ప్రీమిక్స్‌గానే దొరికే కూలెంట్ అయితే ఆ బ్లాకు బోల్టు తీయగలిగే మెకానిక్ దగ్గరికే వెళ్ళాలి.

తర్వాత గాలి తీయడం. లోపల గాలి బుడగ ఉండిపోతే ఆవిరి బుడగంత ప్రమాదమే. మూత తీసి ఉంచి బండి స్టార్ట్ చేసి, హీటర్ వేడి మీద పెట్టి, పై పైపుని చేత్తో నొక్కి వదులుతుంటే గుడగుడమని బుడగలొస్తాయి. కొన్ని బండ్లకి గాలి తీయడానికే ఒక చిన్న స్క్రూ ఉంటుంది. మట్టం దిగితే పోస్తూ ఉండాలి, ఫ్యాను ఒకసారి తిరిగి ఆగేదాకా. మూత పెట్టి, డబ్బా రెండు గీతల మధ్యకి నింపి, మర్నాడు పొద్దున చల్లగా ఉన్నప్పుడు మళ్ళీ చూడాలి. మాకు మొదటి రోజు పావు లీటరు దిగింది, లోపల మిగిలిన గాలి. దానికి సగం సగం కలిపి పెట్టుకున్న సీసాలోంచే పోశాం, మగ్గు జోలికి పోలేదు. తర్వాత ఇప్పటిదాకా ఒక్క చుక్క తగ్గలేదు. మాస్కింగ్ టేపు మీద తేదీ, కిలోమీటర్లు, కూలెంట్ రకం రాసి బానెట్ లోపల అంటించా.

దారిలో వేడెక్కితే ఏం చేయాలో నాన్నకి కూడా చెప్పా. ఏసీ ఆపెయ్యి, హీటర్ ఫుల్‌గా పెట్టు, కిటికీలు దించు. హీటర్ కూడా చిన్న రేడియేటరే, ఇంజిన్ వేడిని కారు లోపలికి లాగుతుంది. పక్కకి ఆపు. వేడి ఇంజిన్ మీద చన్నీళ్ళు గుమ్మరించకు, పగుళ్ళొస్తాయి. నాన్న అంతా విని, "మే నెలలో హీటరు పెడితే ఎక్కినవాళ్ళు నన్ను కొడతారే" అన్నాడు. పోయిన వారం ఘాట్ ఎక్కి, దిగి, గేటు వేయకముందే ఇంటికొచ్చాడు. బోరు నీళ్ళ సంగతి మాత్రం భాయ్‌కి ఇప్పటికీ నాన్న పోసినట్టే తెలుసు. ఈ ఇష్యూ లింకు ఆయనకి పంపాలా వద్దా అని ఆలోచిస్తున్నా.

ఒక్క పని మిగిలిపోయింది. ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, విషం. కుక్కలు, పిల్లలు రుచికి తాగేస్తే కిడ్నీలు పోతాయి. మొదట దించిన టీ రంగు నీళ్ళలో పాత పింక్ ఇంకా కొంత ఉంది. భాయ్ షెడ్డులో అందరూ ఇలాంటిది కాలవలో పోసేస్తారు. మా వీధి చివర కాలవ దగ్గర నాలుగు కుక్కలు పడుకుంటాయి. అందుకని ఆ నీళ్ళు పాత నూనె క్యాన్‌లో పట్టి, మూత బిగించి, దాని మీద స్కెచ్ పెన్‌తో పుర్రె బొమ్మ వేసి మేడమెట్ల కింద పెట్టా. మార్కాపురంలో దాన్ని తీసుకునేవాళ్ళు నాకింకా దొరకలేదు. అమ్మ ఫోన్ చేసిన ప్రతిసారీ అడుగుతోంది, ఆ దెయ్యం డబ్బా ఎప్పుడు తీస్తావే అని.